వోల్టులు, ఆంపియర్లు తెలిస్తే సంఘం కరెంటు లెక్క తెలుస్తుంది

పాల సంఘం లెక్కలలో సభ్యులు శ్రద్ధగా చూసేవి రెండు. ఒకటి వెన్నశాతం, రెండవది పాల ధర. ఖర్చుల పద్దులో కరెంటు బిల్లు వచ్చేసరికి చాలామంది పేజీ తిప్పేస్తారు. బిల్లు పెరిగిన సంవత్సరంలో మాత్రం అందరి చూపూ కార్యదర్శి మీదికి మళ్లుతుంది.

మేము హాజరైన ఒక సంఘం సర్వసభ్య సమావేశంలో ఇదే జరిగింది. అది చిన్న సంఘం. బల్క్ కూలరు లేదు. పాలు క్యాన్లలో పట్టి వ్యానుకు ఎత్తుతారు. అంతకుముందు ఏడాది నెలకు 200 యూనిట్లు దాటని బిల్లు, ఆ నెలలో 421 యూనిట్లకు చేరింది. ఒక సభ్యుడు లేచి, "సంఘం గోడకు అవతల కార్యదర్శి గారి ఇల్లే వుంది. వారి మోటారు మన తీగ మీద నడుస్తున్నదేమో ఎవరు చూశారు?" అన్నాడు. మరొకరు మీటరే జోరుగా తిరుగుతున్నదన్నారు. వెనుక వరుసలో వున్న పెద్దావిడ, "ఎవరు వాడితేనేం బాబూ, తెగేది మా పాల డబ్బేగా" అన్నది. కార్యదర్శి అక్కడికక్కడే రాజీనామా రాసి ఇస్తానన్నాడు.

మేము వారం రోజులు గడువు అడిగాము. ఒక ఎలక్ట్రీషియనును, ఒక క్లాంప్ మీటరును వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాము. నిజం తేలడానికి రెండు కొలతలు సరిపోయాయి. అవి వోల్టులు, ఆంపియర్లు. ఆ లెక్కను ప్రతి సంఘమూ తనంత తాను చేసుకోగలదన్న నమ్మకంతో ఇక్కడ వివరిస్తున్నాము.

ముందుగా నాలుగు మాటలు

వోల్టులు: తీగలో విద్యుత్తును ముందుకు తోసే ఒత్తిడికి కొలత. మిద్దె మీద వున్న నీళ్ల తొట్టి ఎంత ఎత్తున వుంటే కుళాయిలో నీరు అంత ఒత్తిడితో వస్తుంది. వోల్టేజీ అటువంటిది. మన ఇళ్లకు వచ్చే సింగిల్ ఫేజు సరఫరా 230 వోల్టులు. దీనిలో 6 శాతం ఎక్కువ తక్కువలు అనుమతించబడ్డాయి. అంటే సుమారు 216 నుండి 244 వోల్టుల మధ్య వుండాలి.

ఆంపియర్లు: తీగలో ప్రవహించే విద్యుత్తు ఎంతో చెప్పే కొలత. వాడుకలో మనం విద్యుత్తును అంతటినీ "కరెంటు" అంటాము. ఈ వ్యాసంలో ప్రవాహం అన్నచోట ఆంపియర్లు అని గ్రహించాలి.

నిరోధం: ప్రవాహానికి తీగ గాని, పరికరం గాని కలిగించే అడ్డు. దీని కొలత ఓము. సన్నని గొట్టంలో నీరు తక్కువగా పారినట్లే, నిరోధం ఎక్కువైతే ప్రవాహం తగ్గుతుంది. ఈ సంబంధాన్ని 1827లో పుస్తక రూపంలో వెల్లడించినవాడు జర్మనీ దేశపు ఉపాధ్యాయుడు జార్జ్ సైమన్ ఓమ్. కొలతకు ఆయన పేరే పెట్టారు.

సామర్థ్యం: పరికరం ఒక క్షణంలో ఎంత శక్తిని వాడుతున్నదో చెప్పేది. దీని కొలత వాటు. 1,000 వాట్లు ఒక గంట వాడితే ఒక యూనిట్.

ఇక సూత్రాలు:

నిరోధం = వోల్టులు ÷ ఆంపియర్లు
సామర్థ్యం = వోల్టులు × ఆంపియర్లు
యూనిట్లు = వాట్లు × గంటలు ÷ 1,000

రెండవ సూత్రం పాల సభ్యులకు కొత్తది కాదు. 10 కిలోల పాలు పోశామంటే ధర తెలియదు. 6 శాతం వెన్న వచ్చిందన్నా ధర తెలియదు. రెండూ గుణిస్తే 600 గ్రాముల వెన్న అని తేలుతుంది, అప్పుడు ధర కట్టవచ్చు. అదే విధంగా వోల్టులు ఒక్కటే చూసినా, ఆంపియర్లు ఒక్కటే చూసినా వాడకం తెలియదు. రెంటినీ గుణించాలి.

మీటరును, తీగను పరీక్షించిన విధం

సంఘంలో క్యాన్లు కడగడానికి 20 లీటర్ల నీళ్లు కాచే 2,000 వాట్ల ఇమ్మర్షన్ రాడ్డు వుంది. వాడకంలో పెద్దది అదే.

మొదట సంఘంలోని స్విచ్చులన్నీ ఆపించాము. ఎలక్ట్రానిక్ మీటరు మీద వెలిగి ఆరే చిన్న ఎర్ర దీపం వుంటుంది. పావుగంట చూసినా అది ఒక్కసారీ వెలగలేదు. గోడ అవతలికి దొంగచాటుగా తీగ వెళ్లి వుంటే, అక్కడ వాడకం వున్నంతసేపూ అది వెలగాలి. కార్యదర్శి ఇంట్లో మోటారు వేయించి మరీ చూశాము. దీపం కదలలేదు. మొదటి అనుమానం అక్కడితో తీరింది.

తరువాత రాడ్డు ఒక్కటే వేయించాము. ఆ మీటరు పైన ఒక యూనిట్‌కు 3,200 మెరుపులు అని రాసి వుంది. గడియారం పెట్టుకుని లెక్కిస్తే నిమిషానికి 97 మెరుపులు వచ్చాయి. గంటకు 97 × 60 = 5,820. దానిని 3,200తో భాగిస్తే 1.82. అంటే రాడ్డు నడుస్తుంటే గంటకు 1.82 యూనిట్లు, దరిదాపు 1,820 వాట్లు పోతున్నట్లు మీటరు చెబుతున్నది.

ఎలక్ట్రీషియను మీటరు దగ్గర కొలిస్తే 230 వోల్టులు, క్లాంప్ మీటరులో 7.9 ఆంపియర్లు. 230 × 7.9 = 1,817 వాట్లు. మెరుపుల లెక్కకు, ఈ లెక్కకు తేడా లేదు. మీటరు జోరుగా తిరుగుతున్నదన్న రెండవ అనుమానమూ తీరింది.

అయితే ఇక్కడ ఒక చిక్కు కనిపించింది. 2,000 వాట్ల రాడ్డు 230 వోల్టుల దగ్గర 2,000 ÷ 230 = 8.7 ఆంపియర్లు తీసుకోవాలి. దాని నిరోధం 230 ÷ 8.7, సుమారు 26.4 ఓములు. నిమిషానికి 107 మెరుపులు రావలసినచోట 97 మాత్రమే ఎందుకు వస్తున్నాయి?

పోయిన 21 వోల్టులు

ఎలక్ట్రీషియను రాడ్డు ప్లగ్గు దగ్గర వోల్టులు చూశాడు. రాడ్డు ఆపి వున్నప్పుడు 230. వేయగానే 209కి పడిపోయింది. అదే సమయంలో మీటరు దగ్గర 230 నిలకడగానే వుంది. అంటే మీటరుకు, ప్లగ్గుకు మధ్య 21 వోల్టులు పోతున్నాయి.

ఇప్పుడు సూత్రం వాడి చూద్దాము.

మధ్యలో వున్న నిరోధం: 21 ÷ 7.9 = 2.66 ఓములు.
మధ్యలో వేడిగా పోతున్న సామర్థ్యం: 21 × 7.9 = 166 వాట్లు.

మీటరు నుండి ప్లగ్గుకు దూరం 15 మీటర్లు. పోను రాను 30 మీటర్ల తీగ. అది 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. అటువంటి తీగకు కిలోమీటరుకు సుమారు 7.4 ఓముల నిరోధం వుంటుంది గనుక 30 మీటర్లకు 0.22 ఓము. మరి మిగిలిన 2.44 ఓములు ఎక్కడివి? తీగలోవి కావు. ఎక్కడో ఒక అతుకులోవి.

మెయిన్ ఆపించి, స్విచ్ పెట్టెలు ఒక్కొక్కటిగా విప్పించాము. పాత స్విచ్‌లో న్యూట్రల్ తీగను బిగించే స్క్రూ వదులై, తీగ కొన నల్లబడి, పక్కనున్న ప్లాస్టిక్ కరిగి వుంది. 166 వాట్లలో దాదాపు 150 వాట్ల వేడి ఆ గోరంత చోటనే పుడుతున్నది. పాతకాలపు 60 వాట్ల బల్బులు రెండున్నర తెచ్చి మూసిన పెట్టెలో వెలిగించినట్లు. దానికి రెండడుగుల దూరంలో దాణా బస్తాలు పేర్చి వున్నాయి.

ఇక్కడ సభ్యులు గట్టిగా గుర్తుపెట్టుకోవలసిన విషయం ఒకటుంది. ఇంత వేడి పుడుతున్నా ఫ్యూజు పోలేదు. పోదు కూడా. ఫ్యూజు గాని, ఎం.సి.బి. గాని ప్రవాహం హద్దు మీరినప్పుడే తెంచుతుంది. వదులు అతుకు ప్రవాహాన్ని పెంచదు, తగ్గిస్తుంది. 8.7 ఆంపియర్లు వెళ్లవలసినచోట 7.9 వెళుతుంటే ఫ్యూజుకు అంతా బాగానే వున్నట్లు లెక్క. ఇటువంటి లోపాన్ని ఫ్యూజు పట్టలేదు. వోల్టులు, ఆంపియర్లు రెండూ కలిపి చూసిన మనిషి పడతాడు.

బిల్లు ఎందుకు పెరిగింది?

166 వాట్ల నష్టం వల్లనే బిల్లు రెట్టింపు అయిందని చెబితే అది తప్పు లెక్క అవుతుంది. రోజుకు 6 గంటలు నడిచినా ఆ నష్టం ఒక యూనిట్. నెలకు 30. మిగతాది గంటలలో వుంది.

20 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుండి 85 డిగ్రీలకు కాచడానికి సుమారు 1.4 యూనిట్లు కావాలి. 2,000 వాట్ల రాడ్డు ఆ పని 42 నిమిషాలలో చేస్తుంది. 209 వోల్టుల దగ్గర అదే రాడ్డుకు అందేది 209 × 7.9 = 1,651 వాట్లు. అప్పుడు 51 నిమిషాలు పడుతుంది. అతుకు మరీ వదులైన రోజున ఇంకా ఆలస్యం. వ్యాను వచ్చే వేళకు క్యాన్లు సిద్ధం కాక రెండుసార్లు మాటపడిన సహాయకుడు, తాళం తీయగానే రాడ్డు వేసి పాల పని అయ్యేవరకు ఆపడం మానేశాడు. మరిగి తగ్గిన నీటికి చన్నీళ్లు కలపడం, మళ్లీ మరిగించడం. ఉదయం మూడున్నర గంటలు, సాయంత్రం రెండున్నర గంటలు.

రోజు లెక్క ఇలా తేలింది:

రాడ్డు: 1,817 వాట్లు × 6 గంటలు = 10.9 యూనిట్లు
టెస్టరు, కాటా, కంప్యూటరు: 100 వాట్లు × 6 గంటలు = 0.6
దీపాలు, ఫ్యాన్లు: 200 వాట్లు × 6 గంటలు = 1.2
నీళ్ల మోటారు: 1,100 వాట్లు × 1 గంట = 1.1
మొత్తం: 13.8 యూనిట్లు. నెలకు 414.

బిల్లులో 421. తేడా 7 యూనిట్లు. కార్యదర్శి ఇంటి మోటారుకు ఈ లెక్కలో చోటే లేదు. స్క్రూ తీగ కోసి కొత్త స్విచ్ బిగించాక, రాడ్డు పూటకు 45 నిమిషాలకు మించరాదని గోడ మీద రాయించాక, తరువాతి నెల బిల్లు 182 యూనిట్లకు దిగింది. మళ్లీ సమావేశం పెట్టి ఈ అంకెలన్నీ చదివి వినిపించాము. అనుమానం పడిన సభ్యుడే లేచి కార్యదర్శికి నమస్కారం పెట్టాడు. ఆ రాజీనామా మాట మళ్లీ ఎత్తలేదు.

వోల్టేజీ తగ్గితే బిల్లు తగ్గుతుందా?

ఇది చాలామంది అడిగే ప్రశ్న. రాడ్డు వంటి వేడి పరికరాలకు నిరోధం దాదాపు మారదు. 230 వోల్టులు 184కు, అంటే 20 శాతం తగ్గిందనుకుందాము. ప్రవాహం 184 ÷ 26.4 = 7 ఆంపియర్లకు దిగుతుంది. సామర్థ్యం 184 × 7 = సుమారు 1,280 వాట్లు. వోల్టేజీ 20 శాతం తగ్గితే సామర్థ్యం 36 శాతం తగ్గిందన్నమాట. కాని నీళ్లకు కావలసిన 1.4 యూనిట్లు తగ్గవు. 42 నిమిషాల పని 66 నిమిషాలు సాగుతుంది. వాట్లలో మిగిలినది గంటలలో పోతుంది.

అసలు ప్రమాదం వేరు. గడియారం చూసి 42 నిమిషాలకే రాడ్డు తీసేస్తే నీళ్లు చాలినంత వేడెక్కవు. చాలినంత వేడి లేని నీటితో కడిగిన క్యానులో జిడ్డు మిగులుతుంది, సూక్ష్మజీవులు మిగులుతాయి. ఆ క్యానులో పోసిన మంచి పాలు కేంద్రం చేరేలోగా పులుస్తాయి. తిప్పి పంపిన క్యాను నష్టం కరెంటు బిల్లు కంటె చాలా ఎక్కువ. కాబట్టి వోల్టేజీ తక్కువగా వున్న రోజున సమయం పొడిగించుకోవాలి.

మోటార్ల విషయంలో జాగ్రత్త

పై సూత్రాలు రాడ్డు, ఇస్త్రీపెట్టె వంటి వేడి పరికరాలకు ఉన్నదున్నట్లు సరిపోతాయి. మోటార్లకు చిన్న సవరణ వుంది. ఆ సంఘం నీళ్ల మోటారు 230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు తీసుకున్నది. గుణిస్తే 1,380. కాని మీటరు మెరుపులు నిమిషానికి 59 మాత్రమే, అంటే సుమారు 1,100 వాట్లు. మోటారులో వోల్టేజీ, ప్రవాహం ఒకే అడుగులో నడవవు. ఒకటి ముందు, ఒకటి వెనుక. అందువల్ల గుణించి వచ్చిన దానిని మళ్లీ పవర్ ఫాక్టరుతో గుణించాలి. ఇక్కడ అది 0.8. యూనిట్లు పడేది ఆ 1,100 వాట్లకే. తీగ, ఫ్యూజు ఎంపిక చేయవలసింది మాత్రం పూర్తి 6 ఆంపియర్లను బట్టి, మోటారు మొదలయ్యే క్షణంలో తీసుకునే ప్రవాహాన్ని బట్టి.

అలాగే నడుస్తున్న మోటారు వోల్టులను ఆంపియర్లతో భాగించి, అదే దాని చుట్ట నిరోధమని అనుకోరాదు. తిరిగే మోటారు తనలో తాను ఎదురు వోల్టేజీని పుట్టించి ప్రవాహాన్ని అదుపులో వుంచుకుంటుంది. ఇరుక్కుని తిరగడం ఆగితే ఆ అదుపు పోయి ప్రవాహం ఎన్నో రెట్లు పెరుగుతుంది, చుట్ట కాలిపోతుంది. వోల్టేజీ బాగా తగ్గినప్పుడు బరువు మీద వున్న మోటారు ప్రవాహం తగ్గదు, పెరుగుతుంది. రాడ్డుకు, మోటారుకు ఇదే ముఖ్యమైన తేడా.

పశువుల కొట్టంలో చాఫ్ కట్టరు పెట్టుకున్న సభ్యులు ఈ లెక్క చూడాలి. 2 హార్స్‌పవర్ సింగిల్ ఫేజు మోటారు నిండు పని మీద సుమారు 11.6 ఆంపియర్లు తీసుకుంటుంది. ఇంటి నుండి కొట్టం 60 మీటర్లు అనుకుందాము. పోను రాను 120 మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగితే దాని నిరోధం 1.45 ఓములు. నడుస్తున్నప్పుడే 17 వోల్టులు తీగలో పోతాయి, 195 వాట్లు వేడిగా పోతాయి. మొదలయ్యేటప్పుడు మోటారు ఐదారు రెట్లు ప్రవాహం కోరుతుంది. ఐదు రెట్లకే లెక్క వేస్తే తీగలో 80 వోల్టులకు పైగా పడాలి. తగ్గిన వోల్టేజీకి ప్రవాహమూ కొంత తగ్గుతుంది గనుక అంత పడకపోయినా, మోటారు మూలుగుతూ తిరగకుండా నిలిచిపోవడానికి అది చాలు. అప్పుడు మోటారు చెడిపోయిందని మెకానిక్కు దగ్గరకు మోసుకుపోతారు. చెడిపోయింది మోటారు కాదు, సరిపోనిది తీగ. 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నిరోధం 0.55 ఓముకు దిగుతుంది. నడకలో పడేది 6 వోల్టులే.

ప్రతి సంఘమూ చేయదగిన పనులు

1. నెలకు ఒకసారి స్విచ్చులన్నీ ఆపి, మీటరు దీపం వెలుగుతున్నదేమో చూడాలి.

2. పెద్ద పరికరాలను ఒక్కొక్కటిగా వేసి నిమిషానికి మెరుపులు లెక్కించి పుస్తకంలో రాయాలి. మెరుపులను 60తో గుణించి, మీటరుపై రాసిన సంఖ్యతో భాగిస్తే గంటకు యూనిట్లు వస్తాయి. దీనికి తీగ ముట్టుకోనవసరం లేదు. పాత చక్రం మీటరైతే చుట్లు లెక్కించాలి.

3. మెరుపులు పరికరం మీద రాసిన వాట్లకు తగ్గట్టు లేకపోతే, వోల్టేజీ తగ్గిందా, అతుకు వదులైందా అన్నది ఎలక్ట్రీషియను చేత చూపించాలి. వోల్టులు, ఆంపియర్లు కొలిచే పని తెలిసినవారిదే. క్లాంప్ మీటరును ఒక్క తీగ చుట్టూ మాత్రమే పట్టాలి. రెండు తీగలూ కలిపి పడితే సున్న చూపిస్తుంది.

4. ప్లగ్గు, స్విచ్ వేడెక్కడం, కాలిన వాసన, దీపాలు మినుకుమనడం కనిపిస్తే మెయిన్ ఆపి విప్పించాలి.

5. ఫ్యూజు పోయిన చోట లావు తీగ చుట్టరాదు. అది తీగలను కాపాడడం మాని గోడను కాల్చడానికి దారి తీస్తుంది.

6. రాడ్డు వున్న నీళ్లలో చేయి పెట్టరాదు. ముందు స్విచ్ ఆపి, ప్లగ్గు తీయాలి. ఎర్తు తీగ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. తప్పక వుండాలి. తడి నేల మీద పని చేసే చోట ఇది ప్రాణాలకు సంబంధించిన మాట.

7. పరికరం, వాట్లు, రోజుకు గంటలు, యూనిట్లు అని ఒక పట్టిక రాసి, వెన్నశాతం ధరల పట్టిక పక్కనే గోడకు అంటించాలి. నెల బిల్లు రాగానే దానితో సరిచూసి, తేడాను పాలకవర్గం సమావేశంలో చదవాలి.

పాల సంఘంలో ఒక సభ్యుడు ఇంకొకరిని నమ్మడానికి మూలం కొలత. పాలు కొలిచి పోసుకుంటాము, వెన్న కొలిచి డబ్బిస్తాము. కరెంటును మాత్రం కొలవకుండా ఒకరినొకరు అనుమానించుకోవడం తగదు. ఈ నెల బిల్లు రాకముందే మీ సంఘంలో ఒకసారి మెరుపులు లెక్కించి చూడవలసిందిగా అధ్యక్షులను, కార్యదర్శులను, సభ్యులను కోరుతున్నాము.